ఏ చేత్తో పట్టారు గొడుగు?

మా బాబాయి కళ్ళజోళ్ళు బాగుచేస్తాడు. బల్ల మీద నల్లగుడ్డ, దాని మీద ఆవగింజలంత మరలు, ఎడమచేతిలో స్క్రూడ్రైవరు. మా నాన్నదీ, నాదీ కూడా ఎడమచేతివాటమే. వంకరపోయిన ఫ్రేముల్ని వేడిగాలికి మెత్తబరిచి చక్కజేస్తాడు గానీ, ఆయన్ని వంచడం ఎవరి తరమూ కాదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

ఆ కుందేలు మా ఇంటిపేరు. మేం గొడుగులవాళ్ళం. మా చుట్టాల్లో తప్ప ఈ పేరు ఎక్కడా వినపడదు. మా పూర్వీకుడొకాయన రాజుగారికి గొడుగు పట్టాడనీ, అదీ ఎడమచేత్తో పట్టాడనీ, గొడుగులవాళ్ళు ఎక్కడున్నా ఆయన సంతానమేననీ బాబాయి దుకాణానికి వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పేవాడు. కళ్ళజోడు ఆయన చేతిలో ఉంటే కదలలేరు కదా, పాపం, వినేవాళ్ళు.

ఆయన తల్లి, మా నాయనమ్మ, ఒప్పుకునేది కాదు. గొడుగుల అన్నది ఒక ఊరి పేరట. ఆ ఊళ్ళో ఉన్నంతకాలం ఎవరూ గొడుగులవాళ్ళు కారు, వదిలి వచ్చాకే ఊరి పేరు మనిషికి అంటుకుంటుంది, ఎవరు వచ్చినా అదే పేరు అనేది. ఇంకొకడికి గొడుగు పట్టి తాను తడవడం కూడా ఒక గొప్పేనా అని దెప్పేది. అన్నం ముందు మొదలైన వాదన చేతులు ఎండిపోయేదాకా సాగేది.

ఇలా ఉండగా కుట్టుపని నేర్పే టీచరమ్మ దుకాణానికి వచ్చింది. సూదిలో దారం ఎక్కించబోతే కళ్ళజోడు ముక్కు మీంచి జారుతోందట. బాబాయి సరిచేశాడు. మళ్ళీ జారింది. మళ్ళీ వచ్చింది. నలభై దాటినా ఏ సంబంధానికీ తలూపని మనిషి ఇస్త్రీ చొక్కాలు వేయడం మొదలుపెట్టాడు. లోకానికంతా చెప్పే గొడుగు కథ ఆవిడ ముందు మాత్రం నోరు పెగిలి చెప్పలేకపోయాడు. ఒకసారి గట్టిగా బిగించి పంపకూడదా అన్నాను. నీకు తెలీదు ఊరుకో అన్నాడు. నాకు తెలియకేం!

ఆఖరికి పెళ్ళి మాట ఆవిడే ఎత్తింది. ఆ సంబరంలో బాబాయి కొత్త అద్దాలు చేయిస్తానన్నాడు. కవరు మీద రాయడానికి పూర్తి పేరు అడిగాడు. ఇంటిపేరు గొడుగుల అంది.

ఇంటిపేరు ఒకటైతే అన్నాచెల్లెళ్ళ వరస. పైగా గొడుగులవాళ్ళంతా ఒకే రక్తమని చాటింపు వేసింది తనే. ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాడు. నాకు ముందు నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది. అంత ఆలస్యంగా దొరికిన సంతోషం మరి.

రెండ్రోజులకు టీచరమ్మ అన్నగారు ఆవిణ్ణి వెంటబెట్టుకుని దుకాణానికి వచ్చాడు. వరస కుదరదని చెప్పి పోదామని వచ్చాడాయన. నాయనమ్మా, నేనూ అక్కడే ఉన్నాం. బాబాయి లేచి నిలబడి, రాజుగారి కథ తాను అల్లిందేననీ, గొడుగుల అన్నది ఊరి పేరనీ, ఎవరు వదిలి వచ్చినా ఆ పేరేననీ నాయనమ్మ పాఠం పొల్లుపోకుండా ఒప్పజెప్పాడు. కుందేలుకు నాలుగో కాలు మొలవడం అదే మొదటిసారి.

"ఆ ఊరు ఎక్కడుందండీ?" అన్నాడు అన్నగారు.

బాబాయి నాయనమ్మ వైపు చూశాడు. ఆవిడకూ తెలియదు.

"మావాళ్ళు కూడా రాజుగారికి గొడుగు పట్టారనే మా తాత చెప్పేవాడు. అంటే మనది ఒకటే వంశం కదా," అంటూ ఆయన లేచాడు. టీచరమ్మ కళ్ళజోడు తీసి కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"కూర్చో నాయనా," అంది నాయనమ్మ. "మీవాళ్ళు ఏ చేత్తో పట్టారు గొడుగు?"

"కుడిచేత్తో. రాజుగారి ఎడమపక్కన నిలబడి. తాత చేసి చూపించేవాడు."

"మావాళ్ళు కుడిపక్కన నిలబడి ఎడమచేత్తో పట్టారు. మావాడి చేయి చూడు, నా మనవరాలి చేయి చూడు. గొడుగులు రెండు, ఇళ్ళు రెండు. వరసకేం అడ్డం?"

అన్నగారు బాబాయి ఎడమచేతిలోని స్క్రూడ్రైవరు వైపు చూశాడు. చెల్లెలి ముఖం వైపు ఇంకాసేపు చూశాడు. అయితే మాట్లాడుకుందాం అని కూర్చున్నాడు. ఇన్నాళ్ళూ తాను వెక్కిరించిన గొడుగును కొడుకు కోసం నాయనమ్మే పట్టింది. ఆవిడ నాకు అంతగా ఎన్నడూ ముద్దు రాలేదు.

పెళ్ళయింది. పిన్నికి ఇంటిపేరు మార్చుకునే పని తప్పింది. ఇంట్లో వాదన మాత్రం ఆగలేదు. ఇప్పుడు బాబాయి ఊరంటాడు, నాయనమ్మ రాజుగారంటుంది. మాట మారిస్తే పెళ్ళి చెల్లకుండా పోతుందేమోనని ఇద్దరికీ భయం.