బల్లకు ముందు బైబిలమ్మ అడిగే మాట

మా బైబిలమ్మ ప్రభునందు నిద్రించిందని పోయిన వారం బుధవారం పొద్దున సంఘం ఫోన్ గ్రూపులో అందరికీ తెలియజేసింది నేనే. సంఘ కార్యదర్శిని కాబట్టి ఆ పని నాది. 'మా అందరికీ విశ్వాసంలో తల్లి' అని టైపు చేసి, ఆమె నవ్వుతున్న ఫోటో ఒకటి వెతికి పెట్టాను. నిమిషంలో చేతులు జోడించిన బొమ్మలు వరసగా వచ్చిపడ్డాయి. 'ఎంత చక్కగా రాశారన్నా' అని ఎవరో మెచ్చుకున్నారు కూడా. అది చదివి ఫోన్ బోర్లించి చాలాసేపు మంచం మీదే కూర్చున్నాను. తల్లి అని రాసిన నేనే ఆమెను నాలుగేళ్లుగా ఒక మూలన కూర్చోబెట్టాను. ఆమె గురించి రాయడానికి మా సంఘంలో అందరికంటే తక్కువ అర్హత నాకే ఉంది. అయినా రాస్తున్నాను. నేను రాయకపోతే జరిగింది మీకు తెలియదు.

పాత సంఘాల్లో బైబిల్ స్త్రీ అని ఒక సేవ ఉండేది. ఇల్లిల్లూ తిరిగి వాక్యం చదివి వినిపించాలి, జబ్బుపడ్డవాళ్ల దగ్గర ప్రార్థన చేయాలి, బాలింతలను పలకరించాలి. మా బైబిలమ్మ భర్త పోయాక నల్లగొండ జిల్లాలోని ఒక పల్లె నుంచి చంపాపేట్ వచ్చి ఆ సేవలో చేరింది. అప్పటికి మా సంఘం ఒక రేకుల షెడ్డు. ముప్పై దాటాక చదువు నేర్చుకున్న మనిషి కాబట్టి, అక్షరాల కింద వేలు పెట్టుకుని ఒక్కో మాటే కూడబలుక్కుంటూ చదివేది. పిల్లలు ముసిముసిగా నవ్వితే, "నవ్వుండ్రి బిడ్డా, మీరు నాకన్న ముందుగాల సదువుకున్నరు" అని తనూ నవ్వేది. చంపాపేట్ నుంచి అల్మాస్‌గూడ దాకా నడిచే తిరిగేది. షేర్ ఆటో ఎక్కమంటే, ఆటోలో పోతే ఎవరి తలుపు మూసి ఉందో కనబడదనేది.

నెలకోసారి, మొదటి ఆదివారం మాకు ప్రభు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షారసం తీసుకునే సంస్కారం. ముందురోజు శనివారం సాయంత్రం సిద్ధపాటు కూటం ఉండేది. ఆ వారమంతా బైబిలమ్మ ఇంటింటికీ వచ్చి ఒక్కటే అడిగేది: "ఎవ్వరితోనన్న మాటలు బంద్ ఉన్నయా?" ఉన్నాయంటే, కూటం లోగా ఆ ఇంటికి వెళ్లి మాట కలుపుకోవాలి. కలుపుకోలేకపోతే ఆదివారం బల్ల దగ్గరికి వెళ్లకుండా కూర్చున్న చోటే కూర్చోవాలి. ఎవరూ మందలించేవాళ్లు కాదు. కానీ ఫలానావాళ్లు లేవలేదని అందరికీ కనబడుతుంది కదా. ఆ మొహమాటానికే మొదటి వారం శనివారాలు మా కాలనీలో ఇళ్లకు రాకపోకలు ఎక్కువగా ఉండేవి.

ఒకసారి మా ఆవిడకూ, పై అంతస్తులో కిరాయికున్న ఆమెకూ బోరు మోటారు దగ్గర గొడవై రెండు నెలలు మాటల్లేవు. ఆమెదీ మా సంఘమే. బైబిలమ్మ వచ్చింది. మేమిద్దరం కూర్చునేదాకా తను కూర్చోని అలవాటు ఆమెది. కూర్చుని, వేడినీళ్లు తాగి, సంగతంతా వింది. తప్పెవరిదని అడగలేదు. క్షమించమనడానికి మా ఆవిడకు నోరు రాదని ఆమెకు తెలుసు. "పోయి పాలల్లకు జర తోడు ఇయ్యమని అడుగు బిడ్డా, గంతే" అంది. మా ఆవిడ గిన్నె పట్టుకుని మెట్లెక్కింది. గంట తరవాత కళ్లు తుడుచుకుంటూ దిగింది. మా ఫ్రిజ్‌లో పెరుగు నిండుగా ఉందని పైనామెకు తెలుసట, అయినా అడగ్గానే పెట్టిందట. ఆ రోజు బైబిలమ్మ మీద నాకు కలిగిన గౌరవం ఉత్తుత్తిది కాదు. దాన్ని నేను ఎంత తేలిగ్గా పక్కన పెట్టేశానో ఇప్పుడు చెప్పాలి.

మా సంఘంలో హార్మోనియం వాయించే మాస్టారు తెనాలి మనిషి. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్పేవారు. ఇరవై ఏళ్లుగా మా వీధిలోనే ఉంటున్నారు. మా అమ్మాయి పదో తరగతి లెక్కల్లో గట్టెక్కింది ఆయన చలవే. ఉద్యమం ఊపు మీదున్న రోజులవి. నేను బస్సు డిపోలో క్లర్కుని, సమ్మెలో ఉన్నాను. ఇంట్లో జీతం లేదు, రోడ్డు మీద బస్సు లేదు, ఒంట్లో మాత్రం ఎక్కడలేని వేడి. ఒక ఆదివారం ఆరాధనలో లేచి నిలబడి రాష్ట్రం కోసం ప్రార్థన చేశాను. అందరూ ఆమెన్ అన్నారు. మాస్టారు తల వంచుకునే, పిల్లల పరీక్షల కోసం కూడా ప్రార్థించమనీ, బంద్‌లతో క్లాసులే జరగడం లేదనీ మెల్లగా అన్నారు. ఆయన అన్నది అంతే.

ప్రార్థనకు నిలబడ్డవాణ్ణి నిలబడినట్టే అందుకున్నాను. "ఇరవై ఏండ్ల సంది మా నీళ్లు తాగినవ్. ఆమెన్ అననీకి నోరు రాదా? నచ్చకపోతే మీ ఊరికి పో." ఏకవచనంలో, ఆయన భార్య ముందు, దేవుడి మందిరంలో అన్నాను. తెలంగాణ అడిగినందుకు నాకు అప్పుడూ సిగ్గు లేదు, ఇప్పుడూ లేదు. కానీ ఆ మాటకు ఏ ఉద్యమమూ బాధ్యత వహించదు, అది నా సొంతం. మాస్టారు హార్మోనియం మూసి, మీద గుడ్డ కప్పి, భార్యతో కలిసి వెళ్లిపోయారు. మళ్లీ మా సంఘంలో కనబడలేదు.

ఆ వారమే బైబిలమ్మ వచ్చింది. ఎల్బీనగర్ రోడ్డు మీద వంటావార్పు జరిగినప్పుడు మా ఆడవాళ్లతో కూర్చుని ఉల్లిగడ్డలు కోసిన మనిషే ఆమె, కాబట్టి ఆంధ్రోళ్ల పక్షమని తోసేయడానికి వీల్లేదు. ఆయననే రమ్మనమని చెప్పాను. "అన్నది నువ్వు గద కొడుకా" అంది. మూడు నెలలు వరసగా వచ్చింది, మూడు నెలలూ అదే చెప్పింది. మూడు ఆదివారాలు నేను బల్ల దగ్గరికి వెళ్లకుండా కూర్చుండిపోయాను. కార్యదర్శి లేవకపోవడం జనం కళ్లారా చూశారు. నాకు ఒళ్లు మండిపోయింది.

సరిగ్గా అప్పుడే మాకు కొత్త పాస్టరు వచ్చాడు. కుర్రవాడు, మంచివాడు, పాట బాగా పాడతాడు. హార్మోనియం చోటికి కీబోర్డు, డ్రమ్ములు వచ్చాయి. జనం పెరిగి, ఎల్బీనగర్‌లో ఒక ఫంక్షన్ హాలుకు మారాం. పశ్చాత్తాపం గురించి వినబడటం తగ్గి, దీవెన, విజయం, ఈ ఏడాది నీదే అనే మాటలు పెరిగాయి. వారమంతా అలసిపోయి వచ్చేవాళ్లు సంతోషంగా వెళ్లాలని ఆ అబ్బాయి నిజంగానే నమ్మాడు. కమిటీలో అతను శనివారం కూటం అవసరమా అని అడిగాడు, అడిగాడంతే. అందరికంటే ముందు నోరు తెరిచింది నేను. కృపలో ఉన్నవాళ్లను మళ్లీ సంజాయిషీ అడగడమేమిటన్నాను, పాతకాలపు భయాలతో పిల్లలను పోగొట్టుకుంటామన్నాను. పది నిమిషాలు మాట్లాడాను. అందులో దేవుడి పేరు చాలాసార్లు వచ్చింది, మాస్టారి పేరు ఒక్కసారీ రాలేదు.

ఆ నెలతో కూటం ఆగిపోయింది. మా సంఘంలో బోధ మారిపోయిందని ఇప్పటికీ పాతవాళ్లు గొణుగుతుంటారు. కొత్త తరం మార్చిందంటారు, పాస్టరు మార్చాడంటారు. నేనూ తలూపుతుంటాను. వీధి చివరనున్న ఒక ఇంటి గడప ఎక్కడం ఇష్టంలేక ఒక నడివయసు క్లర్కు మార్చాడని ఎవరికీ తెలియదు. ఇదిగో, ఇప్పుడు చెబుతున్నాను.

బైబిలమ్మ ఆ మీటింగులో తలుపు పక్క కుర్చీలో కూర్చుంది. మీరు పెద్ద చదువులు చదివారు, అట్లాగే కానివ్వండి, నేనైతే అడగడం మానను అని మాత్రం చెప్పింది. చెప్పినట్టే ఇళ్లకు తిరిగింది. అపార్ట్‌మెంట్లలో ఉండే కొత్తవాళ్లు, మా ఇంటి గొడవలు ఆమెకెందుకని నాకు ఫోన్లు చేశారు. నేను సంతోషంగా ఆమె గదికి వెళ్లి, జనం పరేషాన్ అవుతున్నారు, ఇక ఎవరింటికీ వెళ్లొద్దని చెప్పాను. నాకు నీళ్లు కాచి ఇచ్చి, సరే కొడుకా అంది.

ఆ తరవాతి నెల నుంచి ఆమె రొట్టె తీసుకోవడం మానేసింది. ఫంక్షన్ హాల్లో అందరం కూర్చున్న చోటికే పళ్లెం వస్తుంది. తన దాకా వస్తే పక్కవాళ్లకు అందించి చేతులు ఒళ్లో పెట్టుకునేది. పాస్టరు అడిగితే, నా పని పూర్తి కాలేదు అందట. అతనికి అర్థం కాలేదు. నేను అర్థం చేసుకోదలచుకోలేదు. పెద్దమ్మ అలిగిందని నలుగురిలో అని నవ్వించాను కూడా. ఒకరోజు కొత్తగా చేరిన అమ్మాయి ఒకతె, "ఆ అమ్మమ్మకు ఇంకా బాప్తిస్మం కాలేదా అంకుల్?" అని అడిగింది. మా సంఘంలో సగం మందిని చెయ్యి పట్టుకుని బాప్తిస్మం దాకా నడిపించిన మనిషి గురించి అడిగిన ప్రశ్న అది. నేను నవ్వి ఊరుకున్నాను.

రాష్ట్రం వచ్చింది. రంగులు చల్లుకున్నాం, వీధంతా మిఠాయిలు పంచాం. మాస్టారింటి ముందుకు వచ్చేసరికి డబ్బా మా వాళ్ల చేతికిచ్చి నేను వెనక్కి తిరిగాను. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో స్తంభాల తవ్వకాల మధ్య ఎప్పుడైనా ఎదురుపడితే, ఇద్దరం గుంతలు చూసుకుంటూ నడిచేవాళ్లం.

పది రోజుల కింద బైబిలమ్మకు ఆయాసం ఎక్కువై దవాఖానలో చేర్చారు. శుక్రవారం నాడు పాస్టరూ నేనూ వెళ్లాం. అతను రొట్టె, ద్రాక్షారసం చిన్న పెట్టెలో తెచ్చాడు. ఇస్తాను తీసుకోమ్మా అంటే, జర ఆగమన్నట్టు చెయ్యెత్తి నా వైపు తిరిగింది.

"కొడుకా, మాస్టరు ఇంటికి పోయినవా?"

నాలుగేళ్లుగా ఆ మనిషి రొట్టె ఎందుకు ముట్టలేదో అప్పుడు నా బుర్రకెక్కింది. మా ఇద్దరినీ కలపలేకపోయిన తప్పును తన మీద వేసుకుని, నేను కూర్చోవలసిన చోట తను కూర్చుంది. పాస్టరు రొట్టె పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆమె ఊపిరి పైకీ కిందికీ కొట్టుకుంటోంది.

"పోయిన, అమ్మా" అన్నాను.

నా మొహం కేసి కొంతసేపు చూసింది. తరవాత పాస్టరుతో, పెట్టు బిడ్డా అంది. మింగుడు పడదని అతను రొట్టె ముక్కను ద్రాక్షారసంలో నానబెట్టి నోట్లో పెట్టాడు. ఆమె కళ్లు మూసుకుంది. చావు ముందర ఒక ముసలితల్లిని సంతోషపెట్టానని ఇంటికెళ్లేదాకా నాకు నేను చెప్పుకున్నాను. ఇంటికెళ్లాక అన్నం ముందు కూర్చుంటే చెయ్యి కదల్లేదు. నాలుగేళ్లు నిష్ఠగా ఆగిన మనిషి నోట్లో నా అబద్ధం పెట్టించాను.

గురువారం సమాధుల తోటకు మాస్టారు వచ్చారు. గుంపు చివర నిలబడి, అందరూ అయ్యాక గుప్పెడు మట్టి వేసి వెళ్లారు. నేను తల ఎత్తలేదు. మధ్యలో ఒక రోజు ఆగి, శనివారం ఆయన ఇంటికి వెళ్లాను. తలుపు తీసే ఉంది. ఆయన ఒక్కరే ఉన్నారు. రండి అన్నారు, నిన్ననే మాట్లాడుకున్నట్టు. నేను గడప బయటే నిలబడి, ముందు అబద్ధం సంగతి చెప్పాను.

"తెలుసండి" అన్నారు మాస్టారు.

నేను దవాఖానకు వెళ్లిన మర్నాడే ఆయనా ఆమెను చూడటానికి వెళ్లారట. కార్యదర్శి ఒచ్చిండా అని అడిగిందట. ఈయన లేని మాట చెప్పలేక రాలేదన్నారట. ఆమె ఏమీ ఆశ్చర్యపోలేదట. ఆమె అన్నది మాస్టారు తన గుంటూరు నోటితో ఆమె మాటల్లోనే చెప్పబోయి తడబడుతూ చెప్పారు: "'నాకు ఎరుకే సారూ. పోయిన అన్నప్పుడే వాని మొఖం చూసిన. సిగ్గువడ్డడు. సిగ్గువడ్డోడు ఒస్తడు. నువ్వు జర ఇంటికి తాళమేసి యాడికి పోకు' అన్నారండి."

అంటే నా అబద్ధం అబద్ధమని ఎరిగే ఆమె నోరు తెరిచింది. నేను ఇంకా ఎక్కని గడపను ఎక్కినట్టే లెక్క వేసుకుని ఆ రొట్టె తింది. ఆ రోజు నేనన్నది తప్పు మాస్టారూ, మిమ్మల్ని పొమ్మనడానికి నేనెవరిని అన్నాను. నాలుగేళ్లు దాచుకున్న మాటకు అర నిమిషం కూడా పట్టలేదు. మాస్టారు కుర్చీ చూపించారు. మేడమ్ ఏరని అడిగాను, ఏదో ఒకటి అడగాలి కాబట్టి.

"తెనాలి వెళ్లిందండి. మా అమ్మాయికి పురుడొచ్చింది, మనవడు. వారమైంది. నేను రేపు వెళ్తాను" అన్నారు.

అప్పుడు చూశాను. గుమ్మం లోపల, గోడ వారగా, నిండా సర్ది జిప్పు వేసిన సంచి ఉంది. దాని మీద, కవరు కూడా విప్పని పసిపిల్లల దోమతెర.