ఒప్పుదల ఉత్తరం

మా సంఘంలో ఒక పద్ధతి ఉంది. పెళ్లి ప్రకటన చర్చిలో మూడు ఆదివారాలు చదవడానికి ముందు, పెళ్లికూతురు తనకు ఇష్టమేనని సొంత చేతితో రాసి అయ్యగారికి ఇవ్వాలి. రాయడం తోచని వాళ్లకు మాటలు నేను కూర్చి పెడతాను, వాళ్లు చూసి రాసుకుంటారు. నేను బడికి పోలేదు. మా నాయన బైబిలు, పాటల పుస్తకం ముందు పెట్టి ఇంట్లోనే చదువు చెప్పాడు. ఆ నాలుగు ముక్కలు పదిమందికి పనికొస్తున్నందుకు రోజూ దేవునికి స్తోత్రం చెప్పుకునేదాన్ని.

మూడేళ్ల కిందట మా వీధి చివరింటి తల్లి వచ్చి, కూతురికి అలాంటి ఉత్తరమే కావాలని అడిగింది. ఆ పిల్లకు ఇరవై రెండేళ్లు. హార్బరు దగ్గర చేపలు ఎండబెట్టే పనికి పోయేది. వారం ముందు ఒకడు ఆమెను రోడ్డు మీద బండెక్కించుకుని బిట్రగుంటలో వాడి మేనత్త ఇంటికి తీసుకుపోయాడు. రెండు రోజులకు పెద్దలు పోయి తీసుకొచ్చి పెళ్లి ఖాయం చేశారు. ఊరంతా దాన్ని ప్రేమ అన్నది. లాక్కుపోయాడని నా చెవిన కూడా పడింది. పడినా రాశాను.

"కెరటం గవ్వను ఒడ్డుకు చేర్చినట్టు, ఆయన ప్రేమ నన్ను ఆయన ఇంటికి చేర్చింది." రాసి మూడుసార్లు చదువుకుని మురిసిపోయాను. ఈ రోజు ఆ వాక్యం గుర్తొస్తే నోట్లో చేదు ఊరుతుంది.

మధ్యాహ్నం తీసుకుపోయి ఇచ్చాను. పిల్ల చేతులు తుడుచుకుని అందుకుంది. మణికట్టు పైన నాలుగు వేళ్ల గుర్తులు ఇంకా నల్లగా ఉన్నాయి. నిదానంగా చదివింది.

"ఒడ్డుకొచ్చే గవ్వలో పురుగు చచ్చిపోయుంటది గదక్కా," అన్నది. "బండి మీద నుంచి రెండు తూర్లు దూకినాను. అది యాడ రాసినావు?"



"అంత బాగా రాసి తెస్తే వంకలు పెడతావేందే, చూసి రాయి," అని తల్లి కసిరింది.

పిల్ల రాసింది. కాగితం తిప్పి, వెనక పక్కన. 'నాకు ఇష్టం లేదు. బలవంతాన తీసుకపోయినాడు.' రాసి నా చేతికే ఇచ్చింది. తల్లి లాక్కోబోతే కొంగులో పెట్టుకుని నేరుగా అయ్యగారింటికి నడిచాను.

అయ్యగారు ముందు పక్కే చదివారు. ఎంత చక్కగా కుదిరిందమ్మా అన్నారు. వెనక చదవండి అన్నాను. చదివారు. పెద్దలు ఒప్పుకున్నారు కదా, పరువు సంగతి కదా అని కాసేపు నసిగారు. చర్చి అడిగేది పెద్దల ఇష్టం కాదు, పిల్ల ఇష్టమని చెప్పి నేను కూర్చున్న చోటు నుంచి కదల్లేదు. చివరికి, ప్రకటన చదవనన్నారు. అంతటితో ఊరుకోలేదు.

"ఈ గవ్వ మాట మాత్రం ఇంకో పెళ్లికి పనికొస్తుంది, దాచిపెట్టమ్మా."

రోత పుట్టింది. ఆయన మీదో, నా మీదో తెలియలేదు. బల్ల మీద పెన్ను తీసుకుని నేను రాసినదంతా కొట్టేశాను, వెనక ఆమె అక్షరాలు చిరగకుండా, మెల్లిగా.