గంప కింద కళ్లద్దాలు

ఇన్నేళ్లుగా నేను ఒక ఆడమనిషిని మోసం చేస్తూ, ఆమెతోనే నవ్వుతూ మాట్లాడుతూ బతుకుతున్నాను. ఈ బరువు ఎలా ఉంటుందో మీకు ఎలా చెప్పాలో తెలియడం లేదు. అన్నం తింటున్నప్పుడు ఉంటుంది. కుట్టుమిషన్ తొక్కుతున్నప్పుడు ఉంటుంది. ఆమె మా గుమ్మం ముందు ఆగి "చెల్లె, తిన్నవా?" అని అడిగిపోయిన రోజు మాత్రం తల ఎత్తలేను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్తున్నాను. తెలిసినవాళ్లకు చెప్పే ధైర్యమే ఉంటే ఇదంతా రాయాల్సిన పనే లేదు.

మాది అచ్చంపేట దాటి అడవి దిక్కు పోతే వచ్చే ఊరు. నేను జాకెట్లు కుడతాను. మా ఆయన ఆటో నడుపుతాడు. మాకు ఒక్కతే బిడ్డ. దాని పేరు ఇక్కడ రాయను. మూడిళ్ల అవతల గొర్రెలవాళ్ల ఇల్లు. ఆ ఇంటి ఇల్లాలిని అంజమ్మక్క అందాం, అసలు పేరు కాదు. ఆమె కొడుకును శివుడు అందాం. నా బిడ్డా వాడూ ఒకే ఈడు, ఒకే బడి.

శివుడు అల్లరికి పేరుపడ్డవాడు. గోడ, చెట్టు, నీళ్ల ట్యాంకు, వాడు ఎక్కనిది లేదు. బడిలో సారు వాడిని లోపల కంటే బయట ఎక్కువ నిలబెట్టేవాడు. ఊళ్లో ఏది పగిలినా ముందు వాడి పేరే. మరి నా బిడ్డ? అదీ అంతే. కాకపోతే ఆడపిల్ల, ఇంట్లో ఉంటుంది, ఎవరికీ కనపడదు. పొద్దున వేసుకుపోయిన చెప్పులు సాయంత్రం తిరిగిరావు. పాలు పొంగకుండా చూడమంటే, పాల ముందే నిలబడి పాలను మరచిపోతుంది. మాట సగంలో ఉండగానే రోడ్డు మీదికి ఉరుకుతుంది, లారీ వస్తున్నా సరే. కొట్టాను. తిట్టాను. గదిలో పెట్టి గొళ్లెం వేశాను. అది ఏడ్చి పడుకున్నాక నేను ఏడ్చేదాన్ని. ఒకసారి అచ్చంపేట బస్టాండులో దాన్ని బెంచీ మీద కూర్చోబెట్టి, కదులుతున్న ఏదో బస్సు మెట్టు మీద కాలు పెట్టాను. అది ఎటు పోయే బస్సో కూడా చూడలేదు. దిగాను, నిజమే. కానీ కాలు పెట్టాను. కన్నతల్లి అలా చేస్తుందా? చేసింది మరి.

నా మీద నాకే భయం వేసి దాన్ని మహబూబ్‌నగర్ దవాఖానకు తీసుకుపోయాను. డాక్టరమ్మ చాలాసేపు మాట్లాడింది. అంతసేపూ నా బిడ్డ ఆమె బల్ల మీదున్న గంట కొడుతూనే ఉంది. దీన్ని ఏడీహెచ్‌డీ అంటారని, మెదడు తీరే అలా ఉంటుందని, మొండితనం కాదని, మనం పద్ధతి నేర్చుకుని ఓపికగా నేర్పితే మెల్లగా కుదురుకుంటుందని చెప్పింది. ఆ తర్వాత నా వైపు తిరిగి "నువ్వెట్లున్నవమ్మా?" అని అడిగింది. అంతే. పెళ్లయినప్పటి నుంచి నన్నెవరూ ఆ మాట అడగలేదేమో, చిన్నపిల్లలా భోరుమన్నాను. "ఇది నీ పెంపకం తప్పు కాదు. మీ ఊళ్లె గిట్లాంటి పిల్లలున్న తల్లులు ఇంకెవరన్న ఉంటే కలుపుకో. ఒక్కదానివే మొయ్యకు" అంది.

ఆమె అలా అంటుంటే నా కళ్ల ముందు మెదిలింది ఎవరో వేరే చెప్పక్కర్లేదు.

బస్సు దిగగానే అంజమ్మక్క ఇంటికే పోవాలనుకున్నాను. ఊరు దగ్గరపడే కొద్దీ మనసు మారింది. వాడి సంగతి చెప్పాలంటే నా బిడ్డ సంగతీ చెప్పాలి. మెదడు అన్న మాట ఊళ్లో పడితే పిచ్చిది అంటారు. రేపు దానికి లగ్గం ఎలా అవుతుంది? ఇది పైకి చెప్పుకోగలిగిన కారణం. లోపలిది వేరే ఉంది. శివుడు ఉన్నంతకాలం నా బిడ్డను ఎవరూ వేలెత్తి చూపరు. వాడి పక్కన అది బుద్ధిమంతురాలు. వాడు కుదురుకుంటే ఊరి కళ్లన్నీ ఎటు తిరుగుతాయి? ఇంత విడమర్చి అప్పుడు అనుకున్నానా? అనుకోలేదని చెప్పాలని ఉంది. అనుకున్నాను.

దవాఖానకు ఎందుకు పోయారని ఊళ్లో అడిగితే, బిడ్డ కళ్లు చూపించడానికి అన్నాను. ఆ అబద్ధం నిలబడాలి కదా, పవర్ లేని అద్దాలు కొని, గులాబీ రంగు ఫ్రేమువి, దాని ముక్కు మీద పెట్టాను. ఊరు నమ్మింది. పాపం, చూపు ఆనక అట్లా తిరుగుతుందని జాలిపడ్డారు కూడా.

గొర్రెలు మేతకు పోయినప్పుడు వాటి చిన్న పిల్లల్ని దొడ్డిలో పెద్ద వెదురు గంప కింద మూసి, పైన రాయి పెడతారు. తొలకరి పడిన రోజులవి. దొడ్డి వెనక చేనులో జొన్న అప్పుడే జానెడు లేచింది. ఆ లేత జొన్న గొర్రెలకు విషం. ఈ సంగతి గొర్రెలవాళ్ల ఇంట్లో పుట్టిన ప్రతి పిల్లవాడికీ తెలుసు. శివుడికీ తెలుసు. బట్టలు కుట్టేదాని బిడ్డకు ఎలా తెలుస్తుంది? ఆ మధ్యాహ్నం ఎవరో గంప లేపారు. అప్పుడప్పుడే గడ్డి కొరకడం నేర్చిన పిల్లలు చేనులో పడ్డాయి. కేకలు విని నేను పోయేసరికి కడుపులు ఉబ్బి కాళ్లు కొట్టుకుని చస్తున్నాయి. అందరూ చేనులోకి ఉరికారు. నేను ఒరిగి ఉన్న గంప దగ్గరే ఆగిపోయాను. దాని అంచు కింద గులాబీ రంగు అద్దాలు.

వంగి తీశాను. కొంగులో చుట్టి నడుముకు దోపుకున్నాను. ఎవరూ చూడలేదు.

శివుడిని వాళ్ల నాన్న గొర్రెలు తోలే కట్టెతోనే కొట్టాడు. లేపింది నువ్వా కాదా అని అడుగుతూ కొట్టాడు. వాడు కాదనలేదు. ఏడుపు మధ్యలో నిజంగానే ఆలోచించాడు. "ఏమో బాపూ, నేనే లేపిన్నేమో. యాదికొస్తలేదు" అన్నాడు. ఏది జరిగినా నువ్వే అని విని విని ఆ పిల్లవాడు తనను తానే నమ్మడం మానేశాడు. అద్దాలు నా నడుముకు గుచ్చుకుంటున్నాయి. నేను నోరు తెరవలేదు.

ఇంటికొచ్చి బిడ్డను అడిగాను. "పిల్లలు అమ్మ కోసం అరుస్తున్నయమ్మా, అందుకే తీసిన" అంది. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నాను.

మర్నాడు అంజమ్మక్క వచ్చి నా మిషన్ పక్కన నేల మీద కూర్చుంది. ఆ మాటలు ఒక్కటీ మరచిపోలేదు.

"చెల్లె, నువ్వు సదువుకున్నదానివి. జర నిజం చెప్పు. నేనేం తక్వ జేసిన? అందరు పిల్లల్ని పెంచుతలేరా? నాకొక్కదానికే పెంచుడు రాకపాయెనా?"

డాక్టరమ్మ మాట నా నాలుక చివరే ఉంది. అదొక్కటి అంటే చాలు.

"నువ్వు గారాబం ఎక్వ జేస్తవక్కా," అన్నాను. "మొదట్నుంచి జర గట్టిగ పెడితే వాడు గిట్ల కాకపోతుండె."

ఆమె తల ఊపింది. నేల గీరుతూ, గొంతు తగ్గించి అంది. "ఒక్కోపాలి వాన్ని గిడ్నే ఇడ్సిపెట్టి ఎటన్న పోవాలనిపిస్తది చెల్లె. గిట్ల ఏ తల్లికన్న అనిపిస్తదా?"

"ఛీ, తల్లివై ఉండి గవేం మాటలక్కా."

బస్సు మెట్టు మీద కాలు పెట్టినదాన్ని నేను. ఆ మాట అన్నదీ నేనే. గొర్రెపిల్లల సంగతైనా భయంతో దాచానని సర్దిచెప్పుకోవచ్చు. ఇది ఏ భయంతో అన్నాను? ఆమె నా పక్కన వచ్చి నిలబడింది, నేను తోసేశాను. ఆ రోజు మేమిద్దరం ఒకరినొకరు పట్టుకుని ఏడ్చి ఉంటే ఆమెకు సగం బరువు దిగేది. నాకూ దిగేది.

ఆ నెలలోనే శివుడిని బడి మాన్పించి, మేనమామ మంద వెంట ఆలంపూర్ దిక్కు పంపారు. అక్కడి రైతుల చేన్లలో ఎరువు కోసం మంద పెట్టుకుంటూ తిరిగే బతుకు. గొర్రెల వెనక నడిచి నడిచి నెమ్మదించాడని, ఇప్పుడు బాగానే ఉన్నాడని అంటారు. ఆ మాటను నేనూ చాలా ఏళ్లు తలకింద పెట్టుకుని పడుకున్నాను. బాగానే ఉంటే సంతోషమే. కానీ పోతానని వాడు అడగలేదు కదా.

నా బిడ్డ కోసం పద్ధతులు నేర్చుకున్నాను. ఇప్పుడది డిగ్రీ చదువుతోంది. మహబూబ్‌నగర్‌లో అలాంటి పిల్లల తల్లులు కలుసుకునే చోటికి నేనింకా పోతుంటాను. కొత్తగా వచ్చినవాళ్ల పక్కన కూర్చుని చేయి పట్టుకుని "నీ పెంపకం తప్పు కాదమ్మా" అని చెప్తాను. వాళ్లు ఏడుస్తారు, నాకు దండం పెడతారు. ముక్కూ మొహం తెలియని వాళ్లకు ఎంతమందికి చెప్పానో. మూడిళ్ల అవతలికి మాత్రం ఆ మాట మోసుకుపోలేకపోయాను.

మొన్న అంజమ్మక్క జాకెట్టు గుడ్డ తెచ్చింది. కొలత తీస్తే పాతదానికంటే చాలా తగ్గింది, భుజాలు చిన్నపిల్లవిలా అయ్యాయి. నేను టేపు చుడుతుంటే తనంతట తానే అంది: "ఆనాడు నువ్వు సరిగ్గనే చెప్పినవ్ చెల్లె. నా గారాబమే వాన్ని చెడగొట్టె." టేపు చేతిలోంచి జారిపోయింది. మళ్లీ తీసి కొలిచాను.

జాకెట్టు అయిపోయింది. రేపు తీసుకుపోవడానికి వస్తుంది. గులాబీ అద్దాలు ఇంకా నా గుండీల డబ్బాలోనే ఉన్నాయి. చెప్తానా? ఇలా అనుకున్న రోజులు ఇంతకుముందూ ఉన్నాయి, మీకు అబద్ధం చెప్పను. క్షమిస్తుందన్న ఆశ లేదు. క్షమిస్తే తట్టుకోలేను కూడా. ఇవాళ ఇంట్లో ఎవరూ లేనప్పుడు తలుపు దగ్గరికి వేసి, మిషన్ పక్కన ఆమె కూర్చున్న చోటు చూస్తూ ఒకసారి పైకి అన్నాను. చివరిదాకా అనగలిగాను.

అక్కా, గంప లేపింది నా బిడ్డ. నీ పెంపకంల తప్పు లేకుండె. నాకు అప్పుడే తెలుసు.