నిపుణుల గొంతు

జయకర్‌కి పూటకో వైద్యుడు పూనేవాడు. పొద్దున గుండె డాక్టరు, మధ్యాహ్నం ఎముకల డాక్టరు, దీపాలు పెట్టేవేళకి ఏ సముద్రం అవతలో ఉన్న విశ్వవిద్యాలయం. నరసరావుపేటలో సెల్‌ఫోన్ల దుకాణం పైగదిలో, బయటి చప్పుడు రాకుండా గోడల నిండా కోడిగుడ్ల అట్టలు అంటించి, కిటికీకి దుప్పటి బిగించి, మహేష్ అనేవాడు యూట్యూబులో ఆరోగ్య వార్తల చానెల్ నడుపుతున్నాడు. ఆ చానెల్ గొంతు జయకర్‌ది. నెమ్మదిగా, బరువుగా, తెల్లకోటు వేసుకున్నట్టుండే గొంతు. "తాజా పరిశోధనలో తేలింది" అని మొదలుపెట్టి, "అంటున్నారు నిపుణులు" అని ముగించేవాడు.

ఆ నిపుణులెవరో అతనికి తెలియదు. మహేష్‌కీ తెలియదు. ఏదో ఇంగ్లీషు వార్తలో పైనున్న నాలుగు ముక్కలు ఫోన్ చేత తెలుగు చేయించి, చివర నిపుణుల్ని తగిలించడం మహేష్ పని.

"ఎవరన్నా అడిగితే?" అన్నాడు జయకర్, చేరిన కొత్తలో.

"ఎవడడుగుతాడ్రా? నిపుణుల్ని అడిగే మొనగాడు ఇంకా పుట్టలా."

జయకర్‌ది ఎడ్లపాడు దగ్గర ఊరు. తండ్రి పోయాక అన్న బ్రహ్మాజీయే పెంచాడు. బ్రహ్మాజీ క్వారీలో కంప్రెషర్ మిషను పట్టి రాతికి బెజ్జాలు వేస్తాడు. ఆ బెజ్జాల్లో మందు కూరి కొండను పేలుస్తారు. తమ్ముడు మాత్రం ఆ మిషను ముట్టుకోకూడదని అతని పంతం. ఆ పంతంతోనే కాలేజీలో వేశాడు. తమ్ముడు ఇంటర్ తప్పాడు. చదువు అబ్బలేదు గానీ చదివే రోగం అంటుకుంది. పేట గ్రంథాలయంలో పంకా కింద కూర్చుని చేతికందిన పుస్తకమల్లా నమిలేశాడు. ఆ చదివినదానికి కాగితం లేదు. తనకన్నా తక్కువ తెలిసినవాడు కాగితం ఊపుకుంటూ కుర్చీ ఎక్కుతుంటే కడుపు మండిపోయేది. మందుల దుకాణంలో చేరి, డాక్టరు రాసిచ్చింది తప్పని కొనేవాళ్ళకి చెప్పి బయటపడ్డాడు. కోల్డ్‌స్టోరేజీలో మిర్చి బస్తాలు ఎక్కించేచోట చేరి, గుమస్తాతో తగువేసుకుని బయటపడ్డాడు. ఎక్కడా కాలు నిలవలేదు. గొంతు ఒక్కటే నిలిచింది.

ఒక ఆదివారం ఊరెళితే వదిన నాగవేణి వాకిట్లోనే ఆపింది.

"మీ అన్న దగ్గు ఇన్నావా? కుండ పగిలినట్టుంది. బండి దిగి మంచం దాకా రావటానికి మధ్యలో ఆగుతన్నాడు. పేట ఆస్పత్రికి పోదాం రమ్మంటే ఇనడు. నువ్వన్నా చెప్పు జయా."

బ్రహ్మాజీ స్నానం చేసి మంచం మీద కూర్చున్నాడు. ఎంత రుద్దినా పోని రాతిపొడి కనుబొమల్లో తెల్లగా కనిపిస్తోంది.

"అన్నా, రేపు పోయి ఎక్స్‌రే తీయిద్దాం."

"ఎందుకురా? బెల్లం తింటన్నాగా."

క్వారీల్లో అది పాత అలవాటు. మధ్యాహ్నం అన్నాలు కాగానే మేస్త్రి ఒక్కొక్కరి అరచేతిలో ప్రసాదం పెట్టినట్టు బెల్లం ముక్క పెడతాడు. మింగిన దుమ్మునీ పీల్చిన దుమ్మునీ బెల్లం పోగేసుకుని కడుపులోకి దిగుతుందనీ, తెల్లారి బయటికి పోతుందనీ అక్కడివాళ్ళ నమ్మకం.

"నాకూ అనుమానంగానే ఉండేదిరా," అన్నాడు బ్రహ్మాజీ. "నువ్వు చెప్పినాక పోయింది. 'ఊపిరితిత్తుల్ని కడిగేసే బెల్లం' అని ఎంత బాగా చెప్పావు! మా వాళ్ళందరికీ పెట్టి ఇనిపించా. మా తమ్ముడి గొంతురా అన్నా. ఓనరూ ఇన్నాడు. ఇదివరకు దుమ్ము లేవకుండా మిషను దగ్గరికి నీళ్ళ పైపు లాగేవోళ్ళు. ఇప్పుడు పైపు తీసేసి బెల్లం దిమ్మలు దించుతన్నాడు. నీళ్ళ ట్యాంకరు కన్నా అదే చౌకంట."

ఆ వీడియో జయకర్‌కి సరిగా గుర్తు కూడా లేదు. నిమ్మకాయకీ మెంతులకీ మధ్య ఎప్పుడో చదివి పడేశాడు.

"అది అబద్ధం అన్నా. తిన్నది పోయే దారి వేరు, గాలి పోయే దారి వేరు."

"అబద్ధమా? మరెందుకు చెప్పావు?"

"మహేష్ రాసిచ్చాడు, చదివా."

"నిపుణులన్నావుగా?"

"నిపుణులూ లేరు, గాడిదగుడ్డూ లేదు."

బ్రహ్మాజీ నవ్వబోయాడు. నవ్వు దగ్గయింది. దగ్గు చాలాసేపు వదల్లేదు. వదిలాక కళ్ళు తుడుచుకుని, "ఒరేయ్, ఫోన్‌లో మాట్టాడేటప్పుడు నువ్వు చదువుకున్నోడివి. ఇంట్లో మాట్టాడేటప్పుడు ఇంటర్ తప్పినోడివి. నన్ను ఎవడి మాట ఇనమంటావు?" అన్నాడు.

"ఇద్దరి మాటా వద్దు, నా మాట ఇను," అంది నాగవేణి పొయ్యి దగ్గర్నించి. ఎవరూ వినలేదు.

మర్నాడు జయకర్ పైగదికి పోలేదు. పెద్దాసుపత్రిలో ఊపిరితిత్తుల డాక్టరమ్మ గది ముందు వరసలో నిలబడ్డాడు. రోగి ఏడీ అందామె. రోగి రాడు, మీ మాట పట్టుకెళ్తానన్నాడు. ఆమె విసుక్కుంది గానీ వెళ్ళగొట్టలేదు. ఫోన్‌లో రికార్డు చేసుకోమని కూడా అంది.

"బెల్లం పోయేది కడుపులోకి. రాతిపొడి దిగేది ఊపిరితిత్తుల్లోకి. ఒకసారి లోతుకి దిగిన పొడిని ఏ తిండీ బయటికి తేలేదు. మీ అన్నకి ఆ రాతిపొడి జబ్బేనా, క్షయా, ఇంకేమన్నానా అంటే మాత్రం ఎక్స్‌రే, కఫం చూడకుండా నేను చెప్పను. చెప్పకూడదు."

ఆ 'చెప్పకూడదు' జయకర్‌కి ముల్లులా దిగింది. ఇన్నాళ్ళూ నిపుణుల పేరు మీద అతను చదివిన వార్తల్లో ఆ మాట ఒక్కసారీ రాలేదు.

మహేష్ ఆ రికార్డు సగం విని ఆపేశాడు. "'చూడకుండా చెప్పను' అనే డాక్టర్ని ఎవడు చూస్తాడ్రా? జనానికి ఒక్క ముక్కలో తేలిపోవాలి. ఆ బెల్లం వీడియోనే మనకి అన్నం పెట్టింది."

"దాన్ని తీసెయ్."

"నీ అన్న సంగతి నీ అన్నకి చెప్పుకో. చానెల్ జోలికి రాకు."

"చెప్పా. నమ్మట్లా."

"సొంత తమ్ముడే నమ్మించలేకపోతే నేనేం చేసేది?" అని మహేష్ టీకి దిగిపోయాడు.

జయకర్ మైకు ముందు కూర్చున్నాడు. ముందు తన గొంతుతో మొదలుపెట్టాడు. నాలుగు మాటలు కాకుండానే చెరిపేశాడు. ఇంటర్ తప్పినోడి గొంతు! ఎవడు వింటాడు? మళ్ళీ తెల్లకోటు గొంతే తెచ్చుకున్నాడు. ఎప్పటి సంగీతమే వేశాడు. ఎప్పటి ఎర్ర అక్షరాలే పెట్టాడు, 'బెల్లం తింటున్నారా? ఆగండి!' అని. మధ్యలో డాక్టరమ్మ మాట, 'చెప్పకూడదు'తో సహా, పూర్తిగా పెట్టాడు. పాతదాన్ని తీసేసి కొత్తదాన్ని చానెల్లోకి ఎక్కించాడు. నిజం అనేదానికి దొంగ చొక్కా తొడిగి బజార్లోకి తోలినట్టనిపించి సిగ్గేసింది. సిగ్గుతోనే అన్నకి పంపాడు.

టీ తాగొచ్చిన మహేష్ ఫోన్ చూసుకున్నాడు. తిట్టలేదు. గది తాళంచెవి ఇవ్వమని చెయ్యి చాపి, "ఇక మెట్లు దిగు," అన్నాడు.

ఆ వారంలోనే బ్రహ్మాజీ పేటకు వచ్చాడు, తనతో మిషను పట్టే ఖలందర్ బండెక్కి.

"ఏందిరా, బెల్లం దండగంట?" అన్నాడు, దిగీ దిగకముందే. "ఓనర్ని మళ్ళీ పైపు ఎయ్యమన్నాం. 'మొన్న కడిగిద్దన్నాడు, ఇయ్యాళ కడగదంటన్నాడు, మీ వాడికి మాట మీద నిలకడ లేదు' అన్నాడు."

"అంతే! మా తమ్ముణ్ణి అంటావా అని మీ అన్న సుత్తి పట్టుకుని లేచాడబ్బాయ్," అన్నాడు ఖలందర్. "నాలుగడుగులేసి దగ్గుతా కూలబడ్డాడు. లేకపోతే కొట్టేవోడే. అప్పుడు నేనే బండెక్కించా."

ఎక్స్‌రే తీశారు. డాక్టరమ్మ దాన్ని వెలుతురుకి పెట్టింది. రెండు వైపులా, పైభాగాన, మిరప గింజలు చల్లినట్టు తెల్లటి చుక్కలు.

"రాతిపొడి జబ్బులాగే ఉంది. క్షయ కూడా తోడయిందేమో కఫం చూస్తే తెలుస్తుంది. ఈ మచ్చలు పోవు. నువ్వు మాత్రం ఆ దుమ్ములోకి మళ్ళీ పోకూడదు."

"ఏం తినమంటారమ్మా?"

"తింటే తగ్గేది కాదయ్యా. పని మానెయ్యాలి."

బ్రహ్మాజీ తమ్ముడి వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు. నిజమేనా?"

జయకర్ తెల్లకోటు గొంతు కోసం తడుముకున్నాడు. రాలేదు. "నిజమే అన్నా," అన్నాడు ఇంటి గొంతుతోనే. అదీ మధ్యలో విరిగింది.

బ్రహ్మాజీ అతని మొహంలోకి చూశాడు. "సరే, మానేస్తా," అన్నాడు. గుమ్మం బయట ఉన్న ఖలందర్‌ని డాక్టరమ్మ పిలిచింది, నువ్వూ తీయించుకోమని. "నాకు దగ్గు లేదుగా మేడం," అని అతను బండి దగ్గరికి నడిచాడు.

మానేయడం అంటే ఏమిటో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. బ్రహ్మాజీ అరుగు మీద కూర్చుంటాడు. మిషను లేకపోయినా చేతులు అదురుతూనే ఉంటాయి. వాటిని తొడల కింద పెట్టి నొక్కుకుంటాడు. కొండ మీద మందు పేలితే తలెత్తి, ఎవరి బెజ్జమో అన్నట్టు అటే చూస్తాడు. నాగవేణి మిరప కోతలకి పోతోంది. జయకర్ ఇప్పుడు తనకీ అన్నకీ పని వెతుకుతున్నాడు. పత్తి మిల్లులో ఖాళీ ఉందంటే పోయి తొంగిచూశాడు. లోపల మనుషులు కనపడనంత నూగు. కారం మిల్లులో ఖాళీ ఉంది, గుమ్మంలోనే ఊపిరాడలేదు. పిడుగురాళ్ళ సున్నపు బట్టీల్లో ఎప్పుడూ ఖాళీలే.

"దొరికిందా?" అన్నాడు బ్రహ్మాజీ, తమ్ముడు బస్సు దిగి వచ్చేసరికి.

"చానా ఉన్నాయి. అన్నింట్లో దుమ్మే."

"అయితే రేపు నాదెండ్ల వైపు పోదాం. నేనూ వస్తా." లేచి నిలబడి, ఊపిరి కూడదీసుకుని, మళ్ళీ అన్నాడు. "ఇట్టా కూకోబెడితే దగ్గు కన్నా ముందు ఇదే చంపేట్టుంది."