టీచరు బిడ్డ కూర్చున్న బెంచీ

మొన్న మోకాళ్ల నొప్పులకు డాక్టరును చూడటానికి ఎల్.బి. నగర్‌లో మెట్రో ఎక్కి పోతుంటే, మూసారాంబాగ్ దగ్గర రైలు నెమ్మదించినప్పుడు కిటికీలోంచి మేము పనిచేసిన సర్కారు బడి మేడ కనిపించింది. కొత్తగా రంగు వేశారు, గోడ మీద బొమ్మలు కూడా గీశారు. రిటైరైన టీచరుకు తన బడి కనిపిస్తే పక్కవాళ్లకు వేలు పెట్టి చూపించి, ఇక్కడే ఇన్నేళ్లు చేశానని మురిసిపోవడం సహజం. నేను మాత్రం మొహం ఇటు తిప్పుకుని, తలుపు మీద అంటించిన ప్రకటన ఏదో శ్రద్ధగా చదువుతున్నట్టు కూర్చున్నాను. నాతో కలిసి పనిచేసిన వాళ్లెవరైనా ఇది చదువుతుంటే, ఎందుకు తిప్పుకున్నానో వాళ్లకు చెప్పనక్కర లేదు. మిగతావాళ్లకు చెప్పాలి.

తెలంగాణ ఉద్యమం ఊపందుకున్న రోజులవి. దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మీద అప్పటికి మెట్రో స్తంభాలు లేవు, బస్సులు, ఆటోలు, కోచింగ్ సెంటర్ల బోర్డులు, వాటి కింద పుస్తకాలు పట్టుకుని నిలబడ్డ పిల్లలు, అంతే. మా బడి ఒకే ఆవరణలో రెండు బడులుగా ఉండేది. భవనం సర్కారుది, పుస్తకాలు సర్కారువి, మధ్యాహ్న భోజనం సర్కారుది, కాని మేడ మీది గదులను ఒక ట్రస్టుకు ఒప్పందం మీద అప్పగించారు. వాళ్ల టీచర్లు వేరు, వాళ్ల పద్ధతులు వేరు, చదువు ఇంగ్లిషులో. ఫీజు లేదు కాబట్టి జనం ఎగబడేవారు, సీట్లు సరిపోక జూన్‌లో అందరి ముందు చీటీలు తీసేవారు. చీటీ వచ్చిన పిల్ల మెట్లెక్కి పైకి పోయేది, రాని పిల్ల మా దగ్గరికి వచ్చేది. పైకి పోయిన పిల్లల మెడలో టై ఉండేది, మా పిల్లలు మెట్ల కింద నిలబడి ఆ టైని చూసేవారు, నిజం చెప్పాలంటే మేమూ చూసేవాళ్లం.

ఏటా కింద పిల్లలు తగ్గిపోతూ వచ్చారు. ఆరో తరగతి నిండకపోతే కింది గదులు కూడా ట్రస్టుకే పోతాయని, మమ్మల్ని తలో దిక్కుకు సర్దుతారని కబురు వచ్చింది. బడిబాట అని ఉండేది, మన తరం టీచర్లకు తెలుసు, ఎండాకాలం సెలవులు అయిపోతుండగా ఇల్లిల్లూ తిరిగి మీ పిల్లలను మా బడికి పంపండని అడుక్కోవడం. పెళ్లి పిలుపులకు పోయినట్టు మంచి చీర కట్టుకుని బయలుదేరేవాళ్లం, మూసీ పక్క గల్లీల్లో రెండు ఇళ్లు తిరిగేసరికి ఆ చీర పని అయిపోయేది. ఎండకు, మురుగు వాసనకు ఎలాగో ఓర్చుకోవచ్చు. ఓర్చుకోలేనిది ఒక్క ప్రశ్న. మేము చెప్పిందంతా తల ఊపుతూ విని, మంచినీళ్లు కూడా ఇచ్చి, చివరికి గడప దాటుతుండగా అడిగేవారు, మరి మీ పిల్లలు ఏడ సదువుతుండ్రు మేడం అని. అది ఎత్తిపొడుపు కూడా కాదు, నిజంగా తెలుసుకుందామని అడిగేవారు. మేము చెప్పులు వేసుకునే వంకతో కిందికి చూసేవాళ్లం.

ఒకరోజు స్టాఫ్ రూములో మా పెద్దసారు టేబుల్ మీద చెయ్యి చరిచి, "గా ప్రశ్నకు జవాబు లేకుంట మనం గల్లీలు తిరుగుడు దండుగ. ఎవలో ఒక్కలు మన బిడ్డను మన బడిల ఎయ్యాలె" అన్నారు. అందరూ ఒప్పుకున్నారు. అలా ఒప్పుకుంటూనే అందరూ నా వైపు చూశారు. లెక్కల సారు పిల్లలు ఇంజనీరింగులో ఉన్నారు, సైన్సు మేడం కొడుకు ఇంకా ఉయ్యాలలో ఉన్నాడు, ఆరో తరగతికి వచ్చిన పిల్ల ఉన్నది నాకొక్కదానికే. మా అమ్మాయి మేము కిరాయికి ఉన్న చైతన్యపురిలో, మా సందు చివరనే ఉన్న ప్రైవేటు బడిలో ఐదు పూర్తిచేసింది. నేను కాదనలేకపోయాను, అవుననడానికి ధైర్యమూ చాలలేదు. మావారు, నేను కూర్చుని ఒక మధ్యే మార్గం వెతికాం. పిల్లను మా బడిలో కూర్చోబెడతాం, కాని పాత బడిలో టీసీ తీసుకోం, పేరు అక్కడా ఉండనిద్దాం. ఏడాది గడిస్తే చూసుకోవచ్చు. పెద్దసారుకు ఈ సంగతి తెలుసు, కాని టీసీ అడగలేదు. పిల్ల వచ్చి కూర్చుంటే చాలు అనుకున్నారు. అప్పట్లో సర్కారు బడి టీచర్లం అందరం చేసే పనే అది, రెండు పడవల మీద కాళ్లు పెట్టి నిలబడటం, ఎవరి లెక్క ప్రకారం చూసినా మేము తెలివైనవాళ్లమే.

ఇక అక్కడి నుంచి బడిబాటలో నా నడకే మారిపోయింది. ఎవరైనా ఆ ప్రశ్న ఎప్పుడు అడుగుతారా అని ఎదురుచూసేదాన్ని. అలా పోయిన ఇళ్లలో ఒకటి నల్లగొండ పల్లె నుంచి వచ్చిన ఒకావిడది. భర్త ఆటో నడిపేవాడు, ఆమె చైతన్యపురిలో ఆడపిల్లల హాస్టల్లో చపాతీలు చేసేది. ఒక్కతే కూతురు, సన్నగా, మాట్లాడితే వినపడనంత మెల్లగా మాట్లాడే పిల్ల. ఆ పిల్లకు మేడ మీద చీటీ వచ్చిందని అప్పటికే గల్లీ అంతా చెప్పుకుంటున్నారు. చీటీ వచ్చిన ఇంటికి మేము పోకూడదు నిజానికి, అలవాటున పోయాం. ఆమె కూడా అలవాటుగా ఆ ప్రశ్న అడిగింది. నేను గర్వంగా, మన బడిలోనే, కింద ఆరో తరగతిలో అని చెప్పాను.

మర్నాడు పొద్దున ఆమె కూతురిని వెంటబెట్టుకుని మా గదికి వచ్చింది. మేడ మీద సీటు వద్దని చెప్పేసి వచ్చిందట. మా సైన్సు మేడమే ఉండబట్టలేక, అదేందమ్మా, చీటీ వచ్చింది వదులుకుంటావా అని అడిగింది. దానికి ఆమె, "ఏమో మేడం, నాకు సదువు రాదు, ఏది మంచిదో నాకేం ఎర్క. టీచరు బిడ్డ కూసున్నకాడ పాఠం మంచిగనే జెప్తరు గద" అంది. మేమందరం నవ్వాం. పెద్దసారు ఆ రోజు అందరికీ చాయ్ తెప్పించారు.

ఆమె అన్నమాట అక్షరాలా నిజమైంది. అది తలుచుకుంటేనే నాకు ఇప్పటికీ చెంపలు వేడెక్కుతాయి. మా అమ్మాయి కూర్చున్న ఆరో తరగతికి లెక్కల సారు బెల్లు కొట్టకముందే వచ్చి నిలబడేవారు. సైన్సు మేడం ఏళ్ల తరబడి బీరువాలో తాళం వేసి ఉంచిన భూతద్దాలు బయటికి తీసింది. ఆడపిల్లల బాత్రూముకు గడియ లేదని మేము ఎన్ని అర్జీలు పెట్టినా కాని పని, మా అమ్మాయి ఇంటికొచ్చి ఏడ్చిన వారంలోనే అయిపోయింది, మావారే వడ్రంగిని పంపారు. నేను తెలుగు పాఠం రాత్రే చదువుకుని పోయేదాన్ని. అంతకుముందు చదవలేదా అంటే, చదవకుండా చెప్పగలిగినంత అనుభవం నాకుంది అనుకునేదాన్ని. ఆ హాస్టల్ చపాతీలావిడ కూతురు, మా అమ్మాయి ఒకే బెంచీ మీద కూర్చునేవారు. ఆ పిల్ల గొంతు కొంచెం పెరిగింది. పద్యం అప్పజెప్పమంటే లేచి నిలబడి, కళ్లు మూసుకుని, తప్పులేకుండా చెప్పి కూర్చునేది.

అంతలో సకల జనుల సమ్మె వచ్చింది. సమ్మె చేసినందుకు నాకు సిగ్గు లేదు, ఆ మాట ముందే చెబుతున్నాను. మా రాష్ట్రం, మా ఉద్యోగాలు, మా నీళ్లు అని మనసారా నమ్మి కూర్చున్నాం. ఎల్.బి. నగర్ చౌరస్తా దగ్గర శిబిరం, పగలంతా పాటలు, రోడ్డు మీదే వంటావార్పు. రోజులు వారాలయ్యాయి. మా కింది బడికి తాళం. మేడ మీది టీచర్లు సర్కారు ఉద్యోగులు కారు కాబట్టి, వాళ్ల పిల్లలను కర్మన్‌ఘాట్ దిక్కు ఏదో హాలుకు తీసుకుపోయి పాఠాలు ఆపకుండా చెప్పుకుంటున్నారని విన్నాం. మా పిల్లలు గల్లీల్లో తిరుగుతున్నారు. మా ఇంటి ఓనరమ్మ గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడిన మనిషి, మేమంటే అభిమానమే, ఒకరోజు మెట్ల దగ్గర నన్ను ఆపి, "మీ ఉద్యమం మీరు చేసుకోండమ్మా, ఎవరు కాదన్నారు? పిల్లదాని చదువేం పాపం చేసింది? మన సందు చివర వాళ్లు వెనక గేటు తీసి చెప్పేస్తున్నారు, యూనిఫారం లేకుండా రంగు బట్టల్లో పంపించెయ్యండి" అంది. పాత బడిలో పేరు ఎలాగూ ఉంది. మావారు నా మొహం చూశారు, నేను అటక మీది పాత బడి పుస్తకాలు దింపాను. మర్నాటి నుంచి పొద్దున్నే మా అమ్మాయికి పువ్వుల గౌను వేసి, పుస్తకాలు కూరగాయల సంచీలో పెట్టి వెనక గేటు దగ్గర దింపి, అక్కడి నుంచి బడులన్నీ బంద్ అని నినాదాలు ఇవ్వడానికి శిబిరానికి పోయేదాన్ని.

ఆ వెనక గేటు ఉన్న సందులోనే, సరిగ్గా ఎదురుగా, హాస్టల్ వంటింటి తలుపు ఉంది. నాకు ఆ సంగతి గుర్తుకే రాలేదు. ఒకరోజు పోయేసరికి ఆ తలుపు ముందు గట్టు మీద కూర్చుని చపాతీలావిడ పిండి ముద్దలు చేస్తోంది, పక్కన కూతురు ఉల్లిగడ్డల పొట్టు తీస్తోంది. బడి లేదు, ఇంట్లో ఒంటరిగా వదలలేక వెంట తెచ్చుకుంటోందన్నమాట. నేను వెనక్కి తిరిగేలోపే మా అమ్మాయి నా చెయ్యి విడిపించుకుని, ఆ పిల్ల పేరు గట్టిగా పిలుస్తూ పరిగెత్తింది. ఇద్దరూ ఎన్నేళ్లకో కలిసినట్టు చేతులు పట్టుకుని ఎగిరారు. ఆమె నన్ను చూసి, పిండి చేతులు కొంగుకు తుడుచుకుంటూ గబగబా లేచింది.

"బడి సురువైందా మేడం? నాకెవ్వలు జెప్పలే. జర ఒక్క నిమిషం ఆగుండ్రి, దీనికి గూడ మొకం కడిగి తోలిస్త" అంది.

కూతురు అప్పటికే ఉల్లిగడ్డల గిన్నె పక్కకు జరిపి లేచి నిలబడింది. నేను, ఇది మన బడి కాదమ్మా అన్నాను. ఆమె గేటు వైపు చూసింది, మా అమ్మాయి పువ్వుల గౌను చూసింది, నా చేతిలో ఉన్న కూరగాయల సంచీ చూసింది. ఆమెకు అర్థం కావడం నేను కళ్లారా చూశాను. ఒక్క మాటైనా అంటుందని, అంటే బాగుండునని నిలబడ్డాను. "గట్లనా. మంచిదే మేడం. పిల్లకు టైమైతుంది, పోండ్రి" అని మళ్లీ గట్టు మీద కూర్చుంది. కూతురు కూడా కూర్చుని గిన్నె దగ్గరికి లాక్కుంది.

తర్వాత ఊరుకోలేక మేడ మీది ట్రస్టు వాళ్ల దగ్గరికి పోయి, ఆ పిల్ల సీటు తిరిగి ఇవ్వండని బతిమాలాను. వాళ్లు మర్యాదగానే, ఆ సీటు తర్వాతి చీటీ పిల్లకు పోయిందని చెప్పారు. వాళ్లను తప్పు పట్టడానికి ఏముంది, సీటు వదిలించింది వాళ్లు కాదు కదా.

సమ్మె ముగిసి బడి తెరిచారు. మా అమ్మాయి ప్రైవేటు బడిలోనే ఉండిపోయింది, పాఠాలు చాలా ముందుకు పోయాయని, ఇప్పుడు మారిస్తే నష్టమని సాకు కూడా దొరికింది. చపాతీలావిడ కూతురు మాత్రం వచ్చింది. మొదటి రోజే వచ్చింది, బెంచీకి ఒక చివర ఒదిగి కూర్చుని, పక్కన ఇంకో మనిషికి సరిపడా చోటు ఖాళీగా వదిలింది. మర్నాడూ అంతే. ఎవరైనా వచ్చి కూర్చోబోతే సంచీ అడ్డం పెట్టేది. మా అమ్మాయి ఎప్పుడొస్తుందని నన్ను ఒక్కసారి కూడా అడగలేదు. ఈలోగా లెక్కల సారు మళ్లీ బెల్లు కొట్టాక చాయ్ తాగి వెళ్లడం మొదలుపెట్టారు, భూతద్దాలు బీరువాలోకి పోయాయి, నేను కూడా రాత్రిపూట పాఠం చూసుకోవడం మానేశాను. మానేశానని నాకు తెలిసింది ఒకరోజు పద్యం మధ్యలో మాట గుర్తురాక ఆగిపోయినప్పుడు. ఆ పిల్ల తన చోటు నుంచే, మెల్లగా, ఆ మాట అందించింది. క్లాసంతా నా వైపు చూస్తోంది. నేను దగ్గరికి పోయి, ఇంక నడుమకు జరిగి కూర్చో అమ్మా, తను రాదు అని చెప్పాను. సరే టీచర్ అని సంచీ తీసి ఒళ్లో పెట్టుకుని జరిగింది.

పదో తరగతి దాకా ఆ పిల్ల మా దగ్గరే చదివింది, మంచి మార్కులతోనే గట్టెక్కింది, అందులో మా గొప్ప ఏమీ లేదు. ఆ తల్లి ఆ తర్వాత కూడా ఎదురుపడితే నమస్తే మేడం అనేది, మీ బిడ్డ మంచిగున్నదా అని అడిగేది, నిజంగానే అడిగేది. సదువు రాదని చెప్పుకున్న ఆ మనిషి ఒక్క ముక్కలో చెప్పిందాన్ని కాదనగలిగే ఉపన్యాసం నేను ఇన్నేళ్లలో ఎక్కడా వినలేదు. ట్రస్టుల మీద, సర్కారు మీద, మీడియం మీద మనం ఎంతైనా వాదించుకుంటాం, ఎవరి చేతికి అప్పగిస్తే బడి బాగుపడుతుందని తలలు పట్టుకుంటాం. ఇప్పుడు సర్కారు బడులకు ఇంగ్లిషు మీడియం వచ్చింది, కొత్త బల్లలు వచ్చాయి, బాత్రూములకు గడియలు వచ్చాయి, మేము కోరుకున్న రాష్ట్రం కూడా వచ్చింది. టీచరు బిడ్డ మాత్రం ఇంకా రాలేదు.