హిందీ టీచరు తాళంచెవి

చిటికెన వేలంత తాళంచెవి. ఇరవై ఏళ్లు దాటినా దాని బరువు నా మీద నుంచి దిగలేదు.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్లెవరికీ చెప్పలేకపోయాను, నా భార్యకు కూడా. నా పేరు రాయడం లేదు. రాస్తే ఊరు తెలుస్తుంది, ఊరు తెలిస్తే ఆ అమ్మాయి ఎవరో తెలుస్తుంది. ఇది సాకా? కొంత సాకే. పూర్తిగా కాదు.

కృష్ణా డెల్టాలో కాలవ గట్టు మీదున్న హైస్కూలు అది. కాలవకు నీళ్లు వదిలిన రోజు పిల్లల చెవులన్నీ కిటికీ వైపే ఉండేవి. నాట్ల రోజుల్లో వెనక బెంచీలు ఖాళీ. మధ్యాహ్నం టీచర్ల గదిలో నాలుగు ఇళ్ల ఆవకాయల వాసన కలిసిపోయేది. నేను జీవశాస్త్రం చెప్పేవాణ్ణి. గుండె బొమ్మ కళ్లు మూసుకుని వేసేవాణ్ణి. కానీ పదో తరగతిలో ప్రత్యుత్పత్తి పాఠం వచ్చేసరికి, నా గురువులు నాకు చెప్పినట్టే నేనూ చెప్పేవాణ్ణి: 'ఇది ఇంట్లో చదువుకోండి.' పేజీ తిప్పేసేవాణ్ణి. ఇంట్లో ఎవరు చదివిస్తారు? ఆ ప్రశ్న నాకెప్పుడూ రాలేదు.

వచ్చింది అనసూయ టీచరుకు. ఆవిడ మా హిందీ టీచరు, ఇది అసలు పేరు కాదు. ఆడపిల్లలు నెలకు నాలుగు రోజులు బడికి ఎందుకు రావడం లేదో రిజిస్టరు తిరగేసి కనిపెట్టింది. 'మాస్టారూ, అడగడానికి నోరు రాకపోతే చేత్తో అడగనిద్దాం' అంది. పేరు రాయకుండా చీటీలు వేసే పెట్టె పెడదామని ఆవిడ ఆలోచన.

ఒక ఆదివారం ఇద్దరం విజయవాడ వెళ్లి వన్ టౌన్‌లో రేకు పెట్టెలు చేసే కొట్టు పట్టుకున్నాం. పైన చీలిక, ముందు చిన్న తాళం ఉన్న పెట్టె చూపించమంటే కొట్టతను, 'ఏ గుడికండీ హుండీ?' అన్నాడు.

'గుడికి కాదు బాబూ, బడికి. ఇందులో మొక్కులు పడవు, అనుమానాలు పడతాయి' అంది ఆవిడ.

'అయితే ఆ చిన్నది చాలదమ్మా. పెద్దది పట్టుకెళ్లండి!'

తిరుగు బస్సులో ఆవిడ ఆ పెట్టెను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కండక్టరు దీనికీ టికెట్ తీసుకోమంటాడేమోనని నవ్వుకున్నాం. నా ఉద్యోగకాలం మొత్తంలో అంత తేలికగా నవ్విన రోజులు తక్కువ. ఇప్పటికీ ఆ బస్సు ప్రయాణం తలుచుకుంటే మనసుకు హాయిగా ఉంటుంది. వెంటనే సిగ్గుగానూ ఉంటుంది.

పెట్టె తాళానికి రెండు చెవులొచ్చాయి. ఆవిడ ఒకటి కొంగుకు ముడేసుకుంది, రెండోది టీచర్ల గది సొరుగులో పడేసింది. నేను కూడా తెరుస్తానంటే ఒప్పుకోలేదు. 'వీళ్లు తెలుగులో రాసే మీ జీవశాస్త్రం నోట్సులు మీరే దిద్దుతారు. ఏ రాత ఎవరిదో చూడగానే చెప్పేస్తారు. నేను చూసేది వీళ్ల హిందీ రాత. తెలుగులో రాస్తే నాకు అందరూ ఒకటే.' అప్పుడది నాకు చాదస్తంగా తోచింది.

శుక్రవారం తెరిచేది. శనివారం ఆఖరి పీరియడులో జవాబులు. ఆడపిల్లలకు ఆవిడ, మగపిల్లలకు నేను. మొదటివారం మూడు చీటీలు. నెల తిరిగేసరికి పెట్టె నిండింది. గొంతు మారడం, మొటిమలు, నెలసరి నొప్పి. ఒకడు మీసం ఎప్పుడొస్తుందో తేదీ చెప్పమన్నాడు. ఆ ఏడు నేను పేజీ తిప్పలేదు. పాఠం చెప్పాను. మొదటి పది నిమిషాలు చెమటలు పట్టాయి, తర్వాత అది కూడా గుండె బొమ్మలాగే అయిపోయింది.

ఒక వారం ఆవిడ శిక్షణ తరగతులకు బందరు వెళ్లింది. 'వచ్చేవారం తెరుద్దాం' అని చెప్పే వెళ్లింది. శుక్రవారం సాయంత్రం సొరుగులోంచి రెండో తాళంచెవి తీశాను. పిల్లలు ఎదురుచూస్తారు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. నిజానికి ఏముందో చూడాలన్న కుతూహలం. పెట్టె నాది కూడా అన్న అధికారమేమో.

నాలుగో చీటీ: 'నాలుగు నెలలుగా నెలసరి రావడం లేదు. కళ్లు తిరుగుతున్నాయి. అమ్మకు చెప్తే భయపడుతుంది. ఇది పెద్ద జబ్బా?'

తలకట్టును అక్షరానికి ఆనించకుండా, పిట్ట వాలబోయి ఆగినట్టు, పైన వదిలేసే రాత. రెండేళ్లుగా దిద్దుతున్న రాత. పేరు నా నోటిదాకా వచ్చింది. వాళ్ల నాన్న నాకు చిన్నప్పటి స్నేహితుడు. ఎరువుల కొట్టు నడిపేవాడు. సైకిలు అటే తిప్పాను.

'ఏరా మాస్టారూ, పొలం లేనోడికి ఎరువులెందుకు?' అని నవ్వాడు.

'అమ్మాయిని డాక్టరుకు చూపించరా' అని సంగతి చెప్పాను.

నవ్వు ఆగిపోయింది. 'నీకెలా తెలుసు?'

'బళ్లో పెట్టె ఉంది. అందులో చీటీ రాసి వేసింది.'

'ఇట్టాంటివి రాసిందా? నువ్వు చదివావా? మగాడివి?'

ఆ ఒక్క క్షణం. అతని కళ్లు చూసి నాకు భయమేసింది. 'నేను కాదురా. అనసూయ టీచరు చదివి నాతో చెప్పింది' అన్నాను.

ఎంత సులువుగా వచ్చిందో ఆ మాట!

సోమవారం ఆ అమ్మాయి బడికి రాలేదు. వాళ్ల నాన్న నలుగురిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ టీచరు ఆడపిల్లలను చెడగొడుతోంది, పైగా వాళ్ల గుట్టు ఊరికి చాటుతోంది అన్నారు. స్నేహితుణ్ణని నా పేరు మాత్రం ఎత్తలేదు. హెడ్మాస్టరు గారు పెట్టెను బీరువా మీదకు ఎక్కించారు. డాక్టరు చూసి రక్తం తక్కువ, మందు వాడితే సర్దుకుంటుంది అన్నాడట. కానీ అప్పటికే ఊరు నాలుగు రకాలుగా అనుకుంది. అమ్మాయిని పిన్ని వాళ్ల ఊరు పంపేశారు. ఆ ఏడు పదో తరగతి పరీక్ష రాయలేదు. తర్వాత ప్రైవేటుగా కట్టిందని విన్నాను. నిజమో కాదో కనుక్కునే ధైర్యం చేయలేదు.

అనసూయ టీచరు బందరు నుంచి వచ్చిన రెండో రోజు, కాలవ వంతెన దగ్గర నన్ను ఆపింది.

'మాస్టారూ, ఆ పెట్టె ఎవరైనా తెరిచారా?'

'నాకు తెలియదండీ.'

'నిన్న బస్టాపులో కనపడింది ఆ పిల్ల. బట్టల సంచి పట్టుకుని వాళ్ల పిన్ని ఊరు వెళ్తోంది. పలకరిస్తే మొహం తిప్పేసుకుంది. నా ముందు అట్టా ఎప్పుడూ చేయలేదండీ.'

నేను నీళ్లకేసి చూస్తున్నాను.

'మీరు కాదు కదా?'

'ఛ, అదేం మాటండీ.'

'అవున్లెండి. మిమ్మల్ని అడగడమే తప్పు' అంది. కాస్త నవ్వింది కూడా. ఆ నవ్వు నన్ను నమ్మిన నవ్వు.

హెడ్మాస్టరు గారి ముందు ఆవిడ, తాళంచెవి నాది, బాధ్యతా నాదే అని రాసిచ్చింది. వేసవి సెలవుల్లో దూరపు మండలానికి బదిలీ అయింది. వెళ్లేటప్పుడు నాకు ఒక పెన్ను ఇచ్చి వెళ్లింది. దాంతో నేను ఒక్క అక్షరం రాయలేదు.

ఇన్నేళ్లూ నన్ను నేను ఒక మాటతో ఊరడించుకున్నాను. నేను చెప్పబట్టే కదా ఆ పిల్ల డాక్టరు దగ్గరికి వెళ్లింది? కానీ అనసూయ టీచరు ఉంటే ఏం చేసేదో నాకు తెలుసు. ఎవరు రాశారో అడక్కుండా క్లాసు మొత్తానికీ చెప్పేది: 'ఇలా ఉన్నవాళ్లు మంగళవారం ఊళ్లోకొచ్చే నర్సమ్మ దగ్గరికి వెళ్లండి, నేనూ అక్కడే ఉంటాను.' ఆ పిల్లకు మందూ దొరికేది, బడీ దక్కేది.

ఇప్పుడెందుకు చెబుతున్నాను? ఈ మధ్య బెంజ్ సర్కిల్ దగ్గర ఒక హోటల్లో సమావేశం జరిగింది. కౌమార ఆరోగ్య పాఠాలను రాష్ట్రంలోని బడులన్నిటిలో చెప్పించాలని, అందుకు ప్రభుత్వం ముందు పెట్టే ముసాయిదా గురించి. రిటైరైన టీచర్లను కొందరిని పిలిచారు. నన్ను పరిచయం చేస్తూ 'ప్రశ్నల పెట్టెను ఎన్నడో పల్లెటూరి బడిలో నడిపిన మాస్టారు' అన్నారు. చప్పట్లు కొట్టారు. నేను కాదనలేదు.

ముసాయిదాలో ప్రశ్నల పెట్టె ఉంది. దాన్ని క్లాసు టీచరు తెరవాలని ఉంది. నేను లేచి, పిల్లల నోట్సులు దిద్దేవాళ్లు దాన్ని తెరవకూడదు అన్నాను.

'చిన్న బళ్లలో అంతమంది టీచర్లు ఎక్కడ దొరుకుతారండీ? ఎందుకు కూడదో చెప్పండి' అంది ముసాయిదా రాసిన అమ్మాయి.

'అనుభవమండీ' అన్నాను.

పక్కనున్నాయన నవ్వాడు. 'అనుభవం అని మినిట్స్‌లో ఏం రాయమంటారు మాస్టారూ!'

అందరూ నవ్వారు. నేనూ నవ్వి కూర్చున్నాను. ఆ మాట అక్కడితో పోయింది. కాలవ వంతెన దగ్గర చేసిందే మళ్లీ చేశాను. ఈసారి ఒక్క పిల్ల కాదు, ఎన్ని బళ్లలో ఎంతమంది పిల్లలో.

నిన్న ఆ ముసాయిదా అభిప్రాయాల కోసం ఇంటికి వచ్చింది. చివర ఒక పట్టిక. ఒక గడిలో సవరణ, పక్క గడిలో కారణం. సవరణ ఒక్క వాక్యంలో రాశాను. కారణం ఆ గడిలో పట్టలేదు. విడి కాగితం తీసుకున్నాను. మీకు చెప్పినదంతా, ఆ అమ్మాయి పేరూ ఊరూ లేకుండా, రాశాను. పెట్టె ఆలోచన నాది కాదని, అనసూయ టీచరుదని మొదటి వాక్యంలోనే రాశాను. కింద సంతకం పెట్టాను. ఆ పెన్నుతోనే. సిరా కొత్తది వేయించాల్సి వచ్చింది.

ఆ అమ్మాయికి ఏం చెప్పాలో, అసలు ఎదుటపడే హక్కు నాకుందో లేదో ఇంకా తెలియదు. అనసూయ టీచరు క్షమిస్తుందని నేను అనుకోవడం లేదు. అడగలేదు కూడా. అదే కాగితాన్ని ఇంకోసారి మొదటినుంచి రాసి, ఆవిడ చిరునామాకు ఇవాళ పొద్దున పోస్టులో వేశాను. కవరు మీద పంపినవారి పేరు రాయలేదు. ఒకే గదిలో ఆరేళ్లు పక్కపక్కన కూర్చుని పనిచేశాం. రాత చూడగానే పోల్చుకుంటుంది.