నాగూర్ గారి మూడు నిమిషాలు

డాక్టర్ నాగూర్ వలీ గారి నిర్యాణ వార్త మీరంతా పత్రికలో చదివే ఉంటారు. నాకది వార్త కాదు. మొన్న గురువారం మధ్యాహ్నం ఆయన నాడి నా వేళ్ల కిందనే ఆగిపోయింది. పన్నెండేళ్లు ఆయన సన్నిధిలో మెదడు శస్త్రచికిత్స అభ్యసించినవాణ్ణి, ఏం చెయ్యాలో తోచక నర్సమ్మ ముఖం చూశాను.

నరసరావుపేటలో వారి తండ్రిగారిది సైకిల్ షాపు. ఆ సంగతి ఆయన దాచలేదు సరికదా, ఆపరేషన్ థియేటర్లో మాకు పాఠంగా చెప్పేవారు. తలకు దెబ్బ తగిలి మెదడు పొర చిరిగితే లోపలి నీరు ముక్కులోంచి కారుతుంది. ఆ దారిన సూక్ష్మక్రిములు చేరితే ప్రాణాపాయం. కుట్టు పడని చోట ఆ చిరుగును మూసే విదేశీ జిగురు మాకు అందనిది. అందుకని ఆయన రోగి రక్తాన్నే ముందురోజు తీయించి, అందులోని పసుపు రసాన్ని మంచులా గడ్డకట్టించి, మెల్లగా కరిగించి, అడుగున మిగిలిన తెల్లని ముద్దతో జిగురు చేసేవారు. దాన్ని స్పాంజి ముక్కకు పట్టించి, చిరుగు మీద ఆనించి, గడియారం చూసి మూడు నిమిషాలు నొక్కిపట్టేవారు.

“ట్యూబుకి పట్టీ ఏసినట్టేరా. నొక్కి పట్టు, ఎత్తి చూడమాక. అతికేది ఆ మనిషి రక్తం, నువ్వు గాదు” అనేవారు. ఆ మూడు నిమిషాలూ మాలో ఎవరూ దగ్గేవారు కాదు.

మాచర్ల నుంచి ఒక క్వారీ కూలీ వచ్చాడు. “ఎనిమిది నెలల్నుంచి జలుబయ్యా, చానా మందులు మింగినా” అన్నాడు. సారు అతని భుజం మీది తుండు తీసుకుని నలిపి చూశారు. “జలుబైతే ఆరినాక అట్టకట్టుద్ది. ఇది మెత్తగా ఉందేందిరా?” అన్నారు. కారేది మెదడు నీరే. సారు చిరుగు అతికించిన ఆ కూలీ ఇప్పటికీ రాళ్లు కొడుతున్నాడు.

పోయిన నెల చిలకలూరిపేట రోడ్డు మీద స్కూటర్ జారి సారు పడ్డారు. రెండు రోజుల తరువాత తన రుమాలు నా చేతికిచ్చారు. మెత్తగా ఉంది. “నువ్వే చెయ్” అన్నారు.

చేశాను. స్పాంజి ఆనించి నొక్కిపట్టాను. కాని అది ఆయన తల. రెండో నిమిషమైనా దాటకముందే ఆగలేక అంచు ఎత్తి చూశాను. పొడిగానే ఉంది. మళ్లీ నొక్కాను.

స్పృహ రాగానే ఆయన అడిగిన మొదటి మాట, “మూడు నిమిషాలు పట్టావా?”

“పట్టాను సార్.”

“ఇంక దిగుల్లేదు జైనబ్. మావోడు చేశాడు” అన్నారు భార్యతో.

అయిదో రోజు దిండు తడిసింది. ఆ వెంటనే జ్వరం. వాడని మందు లేదు, పనిచేసిన మందూ లేదు. ఆయన రుమాలు నలిపి చూసుకుని పక్కన పెట్టారు. నన్ను మళ్లీ ఏమీ అడగలేదు. నేను ఎత్తి చూసినందువల్లే కారిందో, చూడకపోయినా కారేదో నాకు తెలియదు. తెలుసుకునే దారీ లేదు. గురువుగారికి చెప్పలేకపోయిన నిజం మీకు చెబుతున్నాను.

ఖననానికి తీసుకువెళ్లేముందు జైనబ్ గారు పిలిచారు. “ఆఖరిసారి మొహం చూసుకో బాబూ” అంటూ తెల్లబట్ట అంచు పట్టుకున్నారు. వద్దన్నాను. బట్ట మీదుగా ఆయన నుదుటిపై అరచెయ్యి ఆనించి నిలబడ్డాను.

మూడు నిమిషాలు. ఎత్తి చూడలేదు.